ఇదీ అదే

తెలుగులో మందు అనే మాట చేసినన్ని పనులు ఇంకే మాటా చెయ్యదేమో. జ్వరమొస్తే వేసుకునేది మందు. సాయంత్రం స్నేహితులతో కూర్చుని తాగేది మందు. పత్తిచేలో పురుగు పడితే కొట్టేది మందు. తుపాకీలో దట్టించేదీ మందే. ఈ వ్యాసం ఆ నాలుగో మందు గురించి. కొంత మూడో దాని గురించి కూడా.

నేను విస్కాన్సిన్‌లో ఉంటాను. ఇక్కడ థాంక్స్‌గివింగ్‌కి ముందు వచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట సీజన్. ఆ వారం ఆఫీసులో సగం మీటింగులు వాటంతటవే రద్దవుతాయి. పెట్రోల్ బంకుల్లో తెల్లవారకముందే ఆరెంజ్ రంగు కోట్లు కాఫీ కోసం వరసలో నిలబడతాయి. మా పక్కింటాయన రిటైరైన మెషినిస్టు, డెబ్భై దాటాయి. ఆ ఇంట్లో చలికాలమంతా తినే మాంసంలో చాలాభాగం ఆ తొమ్మిది రోజుల్లోనే రావాలి. కాబట్టి వేట ఆయనకి సరదా ఎంతో, డీప్ ఫ్రీజర్ లెక్క కూడా అంతే.

ఆయన తూటాలు కొనడు, తయారు చేసుకుంటాడు. దీన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు బుల్లెట్. పేల్చిన తరువాత గొట్టం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్ళీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, బుల్లెట్ బిగిస్తే మళ్ళీ తూటా. డబ్బు కొంత కలిసొస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆ ఒక్క రైఫిల్‌కి ఏది నప్పుతుందో అది చేసుకోవచ్చు. దర్జీ దగ్గర కుట్టించుకున్న చొక్కా లాంటిది.

నేను వేటగాణ్ణి కాను. నాలాగా హెచ్1బి మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదీ లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గరుంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందుకని ఆయన బేస్‌మెంట్‌లో నా కుర్చీ బల్లకి ఆరడుగుల దూరంలో ఉంటుంది, నా చేతిలో లాప్‌టాప్ మాత్రమే ఉంటుంది. 2024 వసంతంలో ఆయన నన్నో సాయం అడిగాడు. "నా మందు దొరకడం లేదు. దొరికేవాటిలో దానికి సమానమైనది ఏదో చెప్పే షీట్ ఒకటి చేసిపెడతావా?"

ఆయన మందు పేరు హెచ్ 4350. రైఫిల్ 30-06, అంటే 1906లో అమెరికన్ సైన్యం కోసం పుట్టిన తూటా, ఇవాళ్టికీ ఇక్కడి అడవుల్లో తాత ముత్తాతల ఆస్తిలా చేతులు మారుతూ ఉంది. ఈ లోకంలో మందుని గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజే. పౌండుకి 7000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ ఎత్తులో ఒక గ్రెయిన్ దాదాపు సగం. 30-06కి సుమారు యాభై, యాభై అయిదు గ్రెయిన్లు పడుతుంది, అంటే పౌండు డబ్బాకి 120 నుంచి 140 తూటాలు. వేటలో పేల్చేది మహా అయితే మూడో నాలుగో. మిగతావన్నీ గురి కుదుర్చుకోడానికి. 2023 సీజన్‌తో ఆయన డబ్బా అడుగంటింది. పైగా వచ్చే సీజన్‌కి పదమూడేళ్ళ మనవరాలు కూడా వస్తానంది. వేట నేర్పే క్లాసు పూర్తిచేసింది. ఆ పిల్లకి సాధన కోసం ఇంకో వంద తూటాలైనా కావాలి, అదీ 243 అనే వేరే కొలతలో.

ఇంతకీ మందు ఎందుకు దొరకడం లేదు? దానికి రెండు అలలున్నాయి. మొదటిది 2020. కరోనా, వీధుల్లో ఆందోళనలు, ఎన్నికల ఏడాది. ఆ ఒక్క ఏడాదిలో తుపాకీ కొనుగోళ్ళకి సంబంధించి ఎఫ్‌బీఐ దగ్గరికి వచ్చిన తనిఖీలు సుమారు 3 కోట్ల 97 లక్షలు. తుపాకీ కొన్నవాళ్ళకి తూటాలు కావాలి. షాపుల్లో తూటాలు అయిపోతే సొంతంగా చేసుకుందాం అనుకునేవాళ్ళు పెరుగుతారు. ముందు ప్రైమర్లు మాయమయ్యాయి, తరువాత మందు. 2012 చివర, 2013లో కూడా ఇలాంటి కరువు వచ్చిందని పక్కింటాయన చెబుతాడు. అయితే అప్పుడు భయంతో కొన్నారు, భయం తగ్గగానే అల్మారాలు నిండాయి.

రెండో అల 2022లో యుక్రెయిన్ యుద్ధంతో మొదలైంది. ఇది భయం వల్ల వచ్చిన కొరత కాదు, ముడిసరుకే తక్కువైన కొరత. ఆధునిక తుపాకీ మందుకి మూలం నైట్రోసెల్యులోజ్. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండుని తోసేదీ అదే, పక్కింటాయన బుల్లెట్‌ని తోసేదీ అదే. సైన్యాలు వరసలో నిలబడితే వేటగాళ్ళ వంతు చివర్న వస్తుంది. 2024లో ఇక్కడి ఒక పాత బ్రాండు, నైట్రోసెల్యులోజ్ లేక, విడి డబ్బాల సరఫరా కొంతకాలం ఆపుతున్నామని డీలర్లకి చెప్పేసింది. అయిదేళ్ళ కిందట ముప్పై డాలర్లకి అటూ ఇటూగా ఉన్న పౌండు డబ్బా మా ఊళ్ళో యాభై దాటింది. ఆన్‌లైన్‌లో కొందామంటే మందు ప్రమాదకర సరుకు కింద వస్తుంది కనుక పార్సిల్‌కి విడిగా రుసుం కట్టాలి. ఒక్క డబ్బా కోసం ఆ రుసుం కడితే ఇక కలిసొచ్చేదేమీ లేదు.

ఈ నైట్రోసెల్యులోజ్ దేన్నుంచి వస్తుందో చదివిన రోజు నేను కాసేపు లాప్‌టాప్ మూసేశాను. పత్తి నుంచి. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక గింజని అంటుకుని పొట్టి నూగు ఒకటి మిగులుతుంది. నూనె మిల్లుల్లో దాన్ని గీరి తీస్తారు. లింటర్లు అంటారు. కలపగుజ్జుతో కూడా చేస్తారు గానీ, మొదటి నుంచీ పేరున్నది పత్తికే. 1846లో బాసెల్‌లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్లతో కలిపి చేసినది పేలే దూది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ దాన్ని లొంగదీసి పొగలేని మందుగా మార్చాడు. అంతవరకూ తుపాకీ మందంటే సూరేకారం, గంధకం, బొగ్గు. దాన్ని ఇంగ్లీషులో అన్నట్టు నల్లమందు అందామంటే మనకి వీల్లేదు, ఆ పేరు నల్లమందే పట్టుకుపోయింది.

ఇప్పుడు షీట్ సంగతి.

మందు తుపాకీలో పేలదు, మండుతుంది. ఎంత త్వరగా మండుతుందన్నదే దాని గుణం. రేణువు పుల్లలా ఉందా, గుండ్రంగా ఉందా, పుల్ల మధ్యలో రంధ్రం ఉందా, పైన మంటని నెమ్మదింపజేసే పూత ఎంత ఉంది, వీటిని బట్టి వేగం మారుతుంది. ఇంకో చిక్కుంది. ఒత్తిడి పెరిగితే మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. ఇంజనీరింగ్ చదివిన ఎవరికైనా ఈ వాక్యం వినగానే ఒళ్ళు జలదరించాలి. 30-06కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. ఆ 60 వేలని పట్టి ఉంచే ఉక్కు గది పేల్చేవాడి చెంపకి జానెడు దూరంలో ఉంటుంది.

అన్ని మందుల్నీ వేగం ప్రకారం పైనుంచి కిందికి పేర్చిన పట్టికలు ఉన్నాయి. పిస్తోలు మందులు పైన, పెద్ద రైఫిళ్ళవి కింద. కొరత వచ్చినప్పుడు అందరి చూపూ ఆ పట్టిక మీదే పడుతుంది. హెచ్ 4350 పక్క గడిలో ఏముందో చూసి, అది దొరికితే దానితో సరిపెట్టేద్దామనిపిస్తుంది. పక్కింటాయన అడిగింది కూడా ఆ పట్టికని షీటులోకి ఎక్కించమనే.

కానీ ఆ పట్టిక వరస చెబుతుంది, దూరం చెప్పదు. పరీక్షలో మొదటి ర్యాంకుకీ రెండో ర్యాంకుకీ ఒక మార్కు తేడా ఉండొచ్చు, నలభై తేడా ఉండొచ్చు. ర్యాంకుల జాబితా చూస్తే తెలీదు. పైగా ఆ వరసైనా ఏదో ఒక పరీక్షా పరిస్థితిలో వచ్చినది. గొట్టం మారితే, బుల్లెట్ బరువు మారితే వరసే తారుమారవుతుంది. అమరకోశం వల్లించినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒకే వర్గంలో వరసగా ఉన్నాయి కదా అని పద్యంలో ఒక పేరు తీసి ఇంకో పేరు పెడితే గణం కుదరొచ్చు, అర్థం బెసకొచ్చు. కోశం మాటల్ని ఒకచోట చేరుస్తుంది. ఒకదాని బదులు ఇంకోటి వాడుకోమని అది ఎవరికీ మాటివ్వలేదు.

ఈ చేతిపనిలో పేర్ల గొడవ ఇంకా తమాషాగా ఉంటుంది. 4350 అనే అంకెతో హెచ్ 4350 ఉంది, ఐఎంఆర్ 4350 ఉంది. మొదటిది ఆస్ట్రేలియాలో ముల్వాలా అనే ఊళ్ళో తయారవుతుంది, రెండోది ఐఎంఆర్ సంప్రదాయపు మందు, కెనడాలో వాలీఫీల్డ్ నుంచి వచ్చింది. 4831 రెండున్నాయి. 4895 రెండున్నాయి. దీనికో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికన్ ప్రభుత్వం దగ్గర మందు కుప్పలుగా మిగిలిపోయింది. కేన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన ఆ మిగులు మందు కొని వేటగాళ్ళకి అమ్మడం మొదలుపెట్టాడు. ముందు 4895, తరువాత 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసిన 4831. సైన్యపు అంకెలే సరుకు పేర్లైపోయాయి. తరువాత కొత్తగా తయారైనప్పుడు హెచ్ ఒకరు తగిలించారు, ఐఎంఆర్ ఇంకొకరు తగిలించారు. అంకె ఒకటే, మందు వేరు. ఐఎంఆర్ 4831 హెచ్ 4831 కన్నా త్వరగా మండుతుంది. హెచ్ కోసం రాసిన కొలత ప్రకారం ఐఎంఆర్ పోస్తే ఒత్తిడి హద్దు దాటొచ్చు.

జూన్‌లో పక్కింటాయన స్నేహితుడొకాయన ఒక గాజు సీసా తెచ్చిచ్చాడు. ఎప్పుడో చనిపోయిన వాళ్ళ మామగారి షెడ్‌లో దొరికిందట. రెండు పౌండ్ల దాకా ఉంది. పైన మాస్కింగ్ టేపు మీద పెన్సిల్‌తో 4831 అని ఉంది. అంతే. ముందు అక్షరం లేదు, లాట్ నంబరు లేదు, ఏడాది లేదు. ఆ వారం మా ఊరి షాపుల్లో ఏ 4831 లేదు. తెచ్చినాయన అన్నాడు: "పుల్లలు చూడు, హెచ్ లాగే ఉన్నాయి. ఒకవేళ కాకపోయినా ఏముంది, ఇదీ అదే కదా!"

పక్కింటాయన సీసా మూత తీసి వాసన చూశాడు. పాడైన మందు ఘాటుగా ఆసిడ్ వాసన వేస్తుంది, ఒక్కోసారి ఎర్రటి దుమ్ము కడుతుంది. అలాంటిదేమీ లేదు. మందు బాగానే ఉంది. ఆయన ధన్యవాదాలు చెప్పి ఉంచుకున్నాడు. స్నేహితుడు వెళ్ళిపోయాక పెరట్లోకి వెళ్ళి, ఎరువు చల్లినట్టు, గడ్డి మీద పలచగా చల్లేశాడు. అందులో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి గడ్డికి మంచిదే. ఆ రోజుల ధరల్లో వంద డాలర్ల పైన సరుకు. నేను అడిగాను, కొంచెం తగ్గించి పోసుకుని చూడొచ్చు కదా అని. ఆయన చెప్పిన జవాబు నాకు కొత్త. నెమ్మదిగా మండే మందుని పెద్ద గొట్టంలో మరీ తక్కువ పోసినా ప్రమాదమే. సగం ఖాళీగా ఉన్న గొట్టంలో మంట తిన్నగా సాగక, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకి తుపాకీలు పగిలిన సందర్భాలున్నాయి. ఎక్కువైతే చెడు, తక్కువైతే మంచి అనే మామూలు లెక్క ఇక్కడ పనిచెయ్యదు. ఏ మందో తెలియనప్పుడు జాగ్రత్తగా ఉండటం ఎటువైపో కూడా తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చింది వేరే మందు.

మాది పాత వరంగల్ జిల్లాలో పత్తి వేసే ఊరు. 1997లో పత్తికి లద్దెపురుగు, పచ్చపురుగు విపరీతంగా పడ్డాయి. ఆ ఏడూ ఆ మరుసటేడూ మా జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తలయ్యాయి. కారణాల మీద తరువాత చాలా రాశారు: వానలు, అప్పులు, ధరలు, మందులకి లొంగకుండా పోయిన పురుగు, కల్తీలు. నాకప్పుడు పదేళ్ళు కూడా లేవు. నేను కళ్ళతో చూసింది మందుల షాపు కౌంటర్ ఒక్కటే. బాపు సైకిల్ వెనక కూర్చుని వెళ్ళేవాణ్ణి. బాపు జేబులో చీటీ ఉండేది, మందు పేరు ఎవరితోనో రాయించుకున్నది. షాపాయన చీటీ చూసీచూడకుండా అనేవాడు: "గది అయిపోయింది. గిది తీస్కపో. గిది గూడ గదే."

బాపు ఆ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసేవాడు. పేరు ఇంగ్లీషులో, కింద కాగితం మీద చీమ తలకాయంత అక్షరాలు. చదవగలిగింది లేబుల్ మీది ఎర్ర త్రికోణం ఒక్కటే. ఆ రంగు మందు మనిషికి ఎంత విషమో చెబుతుంది. ఏ పురుగుకి పనిచేస్తుందో చెప్పదు. మందు ఉద్దెర ఇచ్చేది ఆయనే, విత్తనం ఇచ్చిందీ ఆయనే, రేపు పత్తి కొనబోయేదీ ఆయనే. అడ్డం అడగడానికి నోరెలా వస్తుంది? ఇంటికి తెచ్చి కొట్టేవాళ్ళం. వారం తిరిగేసరికి పురుగు ఆకుల మీద అలాగే ఉండేది. మళ్ళీ షాపుకి, మళ్ళీ "గిది గూడ గదే." ఆ ఏడు దుక్కిటెడ్లు పోయాయి. మా వాడకట్టులో ఒకాయన ఆ చలికాలం మందు తాగాడు. మా దగ్గర ఆ మాటకి రెండర్థాలున్నా, పరిగెత్తుకుంటూ వచ్చి "మందు తాగిండు" అన్నవాడి మొహం చూస్తే ఏ మందో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

పోలిక చెప్పడం తేలిక గానీ, తేడా చెప్పుకోవాలి. పక్కింటాయన దగ్గర ఆరు కొలతల పుస్తకాలున్నాయి. ఒక్కో పుస్తకంలో ఒక్కో తూటాకి, ఒక్కో బుల్లెట్ బరువుకి, ఒక్కో మందుకి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి అచ్చేసిన అంకెలున్నాయి. విడి డబ్బాల్లో అమ్మే మందుని ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ తేడా తక్కువ ఉండేలా కలిపి సరిచేస్తారు, ఆ పుస్తకాల అంకెలు చెల్లాలి కాబట్టి. తూటా కర్మాగారాలకి పెద్ద మొత్తంలో వెళ్ళే మందుకి ఆ సరిచేత అవసరం లేదు, వాళ్ళు ప్రతి లాట్‌నీ సొంతంగా పరీక్షించుకుంటారు. అంటే ఈ సరదా వెనక, "ఇదీ అదే" అనకుండా ఉండటానికి, ఇంత పెద్ద ఏర్పాటు ఉంది. అన్నిటికీ మించి, పక్కింటాయన ఒక సీజన్ మానుకోగలడు. మాంసం షాపులో కొనగలడు. బాపుకి పుస్తకం లేదు, ఆగే వీలూ లేదు. పురుగు ఆగదు కదా. వద్దనగలగడం తెలివితేటల విషయం కన్నా స్తోమత విషయం అని నాకు ఆ బేస్‌మెంట్‌లో కూర్చున్నాక అర్థమైంది.

అందుకని నేను చేసిన షీట్‌లో సమానార్థకాలు లేవు. వరసల్లో మందులు, నిలువు గడుల్లో పుస్తకాలు. ఈ తూటా, ఈ బుల్లెట్ బరువు, ఈ మందు కలిసి అచ్చులో ఎక్కడుంటే అక్కడ పేజీ నంబరు. లేకపోతే ఖాళీ. ఆయన మొదట నిరుత్సాహపడ్డాడు, ఇంత ఖాళీ ఏమిటని. ఖాళీ గడిని పక్క గడితో నింపకపోవడమే ఈ షీట్ పని అన్నాను. రెండు పుస్తకాల్లోనైనా పేజీ నంబరున్న మందులు 30-06కి పదిహేను దాకా తేలాయి. ఆ జాబితా జేబులో పెట్టుకుని షాపులు తిరిగాడు. ముందు పుస్తకం, తరువాత షాపు. కొరతలో చాలామంది ఇది తిరగేస్తారు. దొరికిన డబ్బా కొని తెచ్చి, దానికి కొలత కోసం వెతుకుతారు.

జూలై ఆఖరికి జాబితాలోవి రెండు దొరికాయి. ఒకటి గుండ్రటి రేణువుల బాల్ పౌడర్. నీళ్ళలా జారుతుంది, కొలపాత్రలో ప్రతిసారీ ఒకే కొలత పడుతుంది. రెండోది ఐఎంఆర్ 4064. పొడుగు పుల్లలు. కొలపాత్రలో ఇరుక్కుని కరకరా తెగుతాయి. ప్రతి తూటాకీ త్రాసు మీద పుల్ల పుల్లగా రాల్చుకుంటూ తూచాలి. సౌకర్యం చూస్తే మొదటిదే. కానీ దట్టమైన పూత ఉన్న గుండ్రటి మందులు చలికి అంటుకోడానికి మొరాయిస్తాయి, తరచు వాటికి పెద్ద మంట ఇచ్చే మాగ్నమ్ ప్రైమర్లు చెబుతారు. ఆయన దగ్గరున్నవి మామూలు ప్రైమర్లే. ప్రైమర్ మార్చినా ఒత్తిడి మారుతుంది, కొలత మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. ఒక కొరతని తీర్చబోతే ఇంకో కొరత తలుపు తడుతుంది.

4064 వైపు ఇంకో కారణం కూడా చెప్పాడు. ఆ కొలతకి గొట్టం చాలావరకు నిండుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొర్లిపోయి బల్ల మీద కనబడుతుంది. త్వరగా మండే మందైతే కొంచెమే పడుతుంది, రెండింతలు పోసినా గొట్టంలో దాక్కుంటుంది. మనిషి పరధ్యానాన్ని పట్టిచ్చే మందు మంచి మందు అన్నాడాయన. అదే లాట్‌వి రెండు డబ్బాలు కొన్నాడు, ఇంకా రెండున్నా వదిలేశాడు.

మనవరాలి 243 దగ్గర మళ్ళీ అదే మాట ఎదురైంది. పిల్లలకి భుజం మీద దెబ్బ తక్కువ తగిలేలా కొలత తగ్గించి చేసుకునే తూటాలకి హెచ్ 4895 పేరున్న మందు. తయారీదారే ఆ తగ్గింపు కొలతలు ప్రచురించాడు. అది దొరకలేదు. షాపులో ఐఎంఆర్ 4895 ఉంది. కౌంటర్ కుర్రాడు మంచివాడే, సాయం చేద్దామనే అన్నాడు, రెండూ ఒకే సైన్యపు మందు నుంచి వచ్చినవే కదా అని. వచ్చినమాట నిజమే. కానీ తగ్గించుకోవచ్చన్న హామీ ఒకదానికే అచ్చులో ఉంది. షీట్‌లో ఆ గడి ఖాళీ. ఆయన ఆ పిల్లకి కర్మాగారం తూటాలే కొన్నాడు, ఇరవై ఉన్న పెట్టెలు అయిదు. బిల్లు చూసి నిట్టూర్చాడు గానీ, చెయ్యి ఆగలేదు.

తరువాత పని నెమ్మదిగా సాగింది. ఆగస్టులో పుస్తకంలోని మొదటి అంకె దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతి మెట్టుకీ మూడు తూటాలు. బుల్లెట్ వేగం కొలిచే పరికరం ముందు పెట్టి, పేల్చిన ప్రతి గొట్టం అడుగునీ భూతద్దంతో చూసేవాడు. ప్రైమర్ చదునుగా నలిగిందా, బోల్ట్ ఎత్తడానికి బరువుగా ఉందా, ఇత్తడి మీద కొత్త గీత పడిందా. పుస్తకంలో ఆఖరి అంకె ఇంకా రెండు మెట్లు పైనుండగానే ఆగిపోయాడు. గురి అక్కడే కుదిరింది, ఇంకా పైకి పోవడానికి కారణం లేదన్నాడు. వేగం పాత మందుకన్నా కాస్త తక్కువ. మా అడవుల్లో నూట యాభై గజాలు దాటి కనబడేది తక్కువ, ఆ దూరంలో ఆ తేడా జింకకి తెలియదు. ఎండకాలంలో కుదిరిన కొలత చలిలో ఎలా ఉంటుందో చూడాలి కనుక, అక్టోబరు చివర గడ్డి మీద మంచు పేరుకున్న ఒక పొద్దున మళ్ళీ పది పేల్చి రాసుకున్నాడు. హెచ్ 4350కి ఉన్న పేరులో సగం ఈ వేడి, చలి తట్టుకోవడం వల్లే వచ్చింది. 4064కి ఆ పేరు లేదు, కాబట్టి కొలిచి తెలుసుకోవాల్సిందే.

ఇదంతా చూస్తూ నేను ఒకటి గమనించాను. కొరత వచ్చాక ఆయన పని నాణ్యత తగ్గలేదు, పెరిగింది. పాత మందుతో ఇరవై ఏళ్ళు ఒకే కొలత పోసుకుంటూ పోయినవాడు ఈ ఏడు ప్రతి మెట్టూ రాసుకున్నాడు. కొరత మంచిదని అనను. మా ఊరికి అది ఏం చేసిందో చూసినవాణ్ణి. కొరతలో సరుకుతో పాటు ఓపిక కూడా కరువవుతుంది, ఓపిక లేనిచోట ఎవరో ఒకరు "ఇదీ అదే" అంటారు. ఆ మాట అనేవాడు మోసగాడే కానక్కర్లేదు. స్నేహితుడు కావచ్చు, మంచి కుర్రాడు కావచ్చు. సమాధానం కోసం తొందరపడుతున్న మనమే కావచ్చు. అడగాల్సింది ఒక్కటే, ఆ సంగతి ఎవరు కొలిచారు, ఎక్కడ రాశారు అని. ఆ ప్రశ్న అడిగే వీలు అందరికీ ఉండాలి, పత్తిచేలో నిలబడ్డవాడికి కూడా.

సీజన్‌కి వారం ముందు ఆయన నలభై తూటాలు చేసి రెండు ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దాడు. పెట్టెల మీద చీటీలు ఈసారి మనవరాలు రాసింది. బుల్లెట్ బరువు, కొలత, ప్రైమర్, లాట్ నంబరు, తేదీ. మందు పేరు దగ్గర 4064 అని రాసి ఆగింది, తాతని చూసింది, మళ్ళీ వంగి ముందు ఐఎంఆర్ అని మూడక్షరాలూ చేర్చింది.